మైదానం ఎటువైపండీ?

2024 డిసెంబరు 9, సోమవారం రాత్రి. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, కేరీ అనే ఊరు. వేక్‌మెడ్ సాకర్ పార్క్ గ్యాలరీలో మీరు కూర్చుని ఉన్నారు. చీర మీద కూతురి చలికోటు, దాని మీద శాలువా, కాళ్ళకు అల్లుడి బూట్లు. కింద ఫ్లడ్‌లైట్ల వెలుగులో గడ్డి ఎంత పచ్చగా ఉందంటే ముందు తివాచీ పరిచారేమో అనుకున్నారు.

వయసు అరవై ఆరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరుగా రిటైరయ్యారు. వనస్థలిపురం ఎన్జీవోస్ కాలనీలో మీ వీధిలో అమెరికా చూడని అమ్మమ్మ అరుదు. వీసా మీద వచ్చి, ఆరు నెలలుండి, పచ్చళ్ళు పెట్టి, పిల్లల్ని చూసుకుని తిరిగి వెళ్తారు. మీరూ అందుకే వచ్చారు. నిన్న ఇదే ఊళ్ళో వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్తే, 2022 దీపావళికి ప్రారంభించిన 87 అడుగుల గోపురం కింద ఎల్బీనగర్ ఆవిడొకరు, హయత్‌నగర్ ఆవిడొకరు కలిశారు. రేపేం చేస్తున్నారని అడిగారు. "మనవరాలితో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి" అన్నారు మీరు. ఇద్దరూ నవ్వేశారు.

మనవరాలికి పదకొండేళ్ళు. తనూ ఊరి క్లబ్బులో ఆడుతుంది. చుట్టూ చూస్తే అలాంటి పిల్లలే, క్లబ్బు కోట్లు వేసుకుని వరసలు వరసలుగా. గ్యాలరీలో లేత నీలం రంగు వాళ్ళు నార్త్ కరోలినా యూనివర్సిటీ తరఫు. నలుపూ బంగారం రంగుల వాళ్ళు వేక్ ఫారెస్ట్ తరఫు.

"ఏందే, కాలేజీ పిల్లల ఆటకు ఇంతమందా?"

"ఫైనల్ కదా అమ్మమ్మా! అరవై నాలుగు టీములతో స్టార్ట్ అయింది. ఇప్పుడు ఇద్దరే ఉన్నారు."

చివరి నాలుగు జట్లలో మూడు ఈ రాష్ట్రానివే. శుక్రవారం సెమీస్‌లో నార్త్ కరోలినా 3-0తో డ్యూక్‌ను ఓడించింది. వేక్ ఫారెస్ట్ 1-0తో కాలిఫోర్నియా నుంచి వచ్చిన స్టాన్‌ఫర్డ్‌ను ఇంటికి పంపింది. విజిల్ మోగింది. బంతి కదిలింది. ఒక అమ్మాయి ఇంకో అమ్మాయిని భుజంతో తోసుకుంటూ దూసుకుపోయింది, ఇద్దరూ పడ్డారు, లేచారు, మళ్ళీ పరుగు. మీ చేయి తెలియకుండానే మనవరాలి మోచేతిని పట్టుకుంది.

ఒక వాక్యం చేసిన పని

ఈ పోటీకి పుట్టిన తేదీ మైదానంలో వెతికితే దొరకదు. వాషింగ్టన్‌లో ఒక కాగితం మీద ఉంది. 1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ ఒక విద్యా చట్టం మీద సంతకం పెట్టారు. అందులో తొమ్మిదో భాగం పేరు టైటిల్ నైన్. ఇంగ్లీషులో దాని ప్రధాన వాక్యం 37 మాటలు. కేంద్ర ప్రభుత్వం డబ్బు అందుకునే ఏ విద్యా కార్యక్రమంలోనూ ఆడా మగా తేడా చూపకూడదన్నది దాని సారం. ఆట అన్న ప్రస్తావనే అందులో లేదు. దాన్ని కాంగ్రెస్‌లో ముందుకు నడిపిన ఎడిత్ గ్రీన్, పాట్సీ మింక్‌ల పట్టుదలంతా సీట్ల గురించీ కొలువుల గురించీ. అయితే మైదానాలూ కోచ్‌ల జీతాలూ ప్రయాణ ఖర్చులూ కూడా కాలేజీ పద్దులోవే. అక్కడా లెక్క చెప్పాల్సి వచ్చింది.

ఆ జూన్‌లో మీరు నల్లగొండలో తొమ్మిదో తరగతి. అంతకు ముందు ఏడు ఖోఖోలో మిమ్మల్ని ముట్టుకున్నవాళ్ళు లేరు. ఈ ఏడు ఓణీ వేశారు. గేమ్స్ పీరియడ్‌లో డ్రిల్ మాస్టారు మగపిల్లలకు బంతి ఇచ్చి, ఆడపిల్లల్ని వేపచెట్టు నీడలో కూర్చోబెట్టి, కుట్లూ అల్లికలూ చూసుకోండమ్మా అన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగొచ్చని ఎవరికీ తెలియదు.

ఇప్పుడు మీరున్న చోటు నుంచి కారులో అరగంట వెళ్తే చాపెల్ హిల్. 1979లో అక్కడ నార్త్ కరోలినా యూనివర్సిటీ అమ్మాయిలు తమలో తాము క్లబ్బు పెట్టుకుని ఆడుకుంటున్నారు. మాకూ అసలైన యూనివర్సిటీ జట్టు కావాలని అర్జీ పెట్టారు. క్రీడల డైరెక్టర్ బిల్ కోబీ, మగపిల్లల జట్టుకు కోచ్‌గా ఉన్న 28 ఏళ్ళ కుర్రాణ్ణి పిలిచి, వాళ్ళ ఆట చూసి రమ్మన్నాడు. ఆ కుర్రాడు ఆన్సన్ డోరెన్స్. పుట్టింది 1951లో, మన బొంబాయిలో. తండ్రి చమురు కంపెనీ ఉద్యోగం వెంట దేశాలు తిరిగి పెరిగాడు. చూసి వచ్చి, జట్టు పెట్టొచ్చని చెప్పాడు. ఆ జట్టు కూడా ఆయన చేతికే వచ్చింది.

రెండేళ్ళు ముందుకు, అదే చాపెల్ హిల్‌లో 1981 ఫైనల్‌కు రండి. ఆడపిల్లల కాలేజీ ఆటలన్నీ అప్పుడు ఆడవాళ్ళే నడుపుకునే ఏఐఏడబ్ల్యూ అనే సంఘం కింద ఉన్నాయి. సాకర్‌లో ఆ సంఘం పెట్టిన మొదటి ఛాంపియన్‌షిప్ ఇది. నార్త్ కరోలినా 1, సెంట్రల్ ఫ్లోరిడా 0. సంఘానికి ఇదే ఆఖరి సాకర్ పోటీ కూడా. మగపిల్లల పోటీలు నడిపే ఎన్‌సీఏఏ, డబ్బుతోనూ టీవీతోనూ ఈ రంగంలోకి దిగింది, ఏఐఏడబ్ల్యూ మూతపడింది. 1982 నవంబరులో ఓర్లాండోలో ఎన్‌సీఏఏ మొదటి పోటీ జరిగింది. జట్లు 12. ఫైనల్లో మళ్ళీ ఆ రెండు కాలేజీలే. ఈసారి 2-0.

లాభంతో పాటు నష్టమూ వచ్చింది. చట్టం రాకముందు కాలేజీ ఆడపిల్లల జట్లలో పదింట తొమ్మిదింటికి ఆడ కోచ్‌లుండేవారు. జీతాలు పెరిగాక మగవాళ్ళు వచ్చి చేరారు, ఇప్పుడు ఆడ కోచ్‌ల వాటా సగం కూడా లేదు. నమ్మకపోతే కిందికి చూడండి. ఈ ఫైనల్లో రెండు బెంచీల ముందూ నిలబడ్డ ప్రధాన కోచ్‌లు మగవాళ్ళే.

మనం ముందున్న రోజులు

మైదానంలో ఇంకా 0-0. అల్లుడు కాగితపు కప్పులో వేడి చాక్లెట్ తెచ్చిచ్చాడు. మీకు చాయ్ మీద ధ్యాస.

ఆ కాలంలో మన దేశం ఎక్కడుందో చూద్దాం పదండి. 1980 జనవరి, కేరళలో కోళికోడ్. ఆసియా మహిళల ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. భారత్ రెండు జట్లు దించింది. అందులో ఒకటి ఫైనల్ దాకా వెళ్ళి తైవాన్ చేతిలో ఓడింది. 1981లో హాంకాంగ్‌లో మూడో స్థానం. 1983లో బ్యాంకాక్‌లో మళ్ళీ రన్నరప్. ఆ ఏడాదే శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు వచ్చింది. ఫుట్‌బాల్‌లో ఆ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆమె.

అమెరికాకు అప్పటికి మహిళల జాతీయ జట్టే లేదు. వాళ్ళు మొదటి మ్యాచ్ ఆడింది 1985 ఆగస్టులో, ఇటలీలో. ఓడిపోయారు కూడా.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్తా అంటే అదీ కాదు. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. ఆయన కోచ్‌గా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చింది. మీ నాన్న ఈ కథలు చెప్పేవారు. ఆ కథల్లో ఆడపిల్ల పేరు ఒక్కటీ వినలేదు.

మీరు డిగ్రీ చదివింది కోఠి విమెన్స్ కాలేజీలో. పాత రెసిడెన్సీ భవనం, ఎత్తయిన స్తంభాలు, మెట్ల పక్కన రాతి సింహాలు, చుట్టూ బోలెడంత జాగా. అక్కడ త్రోబాల్ ఆడారు, బాగానే ఆడారు. మూడేళ్ళయ్యాక చదువుతో పాటే ఆటా ముగిసింది. ఆపై పెళ్ళి, బీఈడీ, ఉద్యోగం. జింకల పార్కు పక్కన వనస్థలిపురంలో ప్లాటు కొనుక్కుని, నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసిన ఏళ్ళు. భారత జట్టు ఆసియా ఫైనల్ ఆడిందని ఆ రోజుల్లో మీ చెవిన పడలేదు. ఈ రాత్రి మీకు మొదటిసారి తెలుస్తోంది.

గోడ మీద మార్కులు

అదే దశాబ్దంలో చాపెల్ హిల్‌లో మాత్రం ఒక యంత్రం తయారవుతోంది. 1985లో ఫెయిర్‌ఫాక్స్‌లో జార్జ్ మేసన్ జట్టు 2-0తో నార్త్ కరోలినాను ఓడించి కప్పు ఎత్తుకుపోయింది. ఆ తర్వాత 1986 నుంచి 1994 దాకా తొమ్మిదేళ్ళు ఆ కప్పు ఇంకెవరికీ దక్కలేదు.

ఆ జట్టు ప్రాక్టీసు చూడండి. గీత పక్కన మేనేజర్లు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరు ఎన్నిసార్లు బంతి లాక్కున్నారు, ఎన్ని పరుగుల్లో ముందొచ్చారు, ఒకరితో ఒకరు తలపడితే ఎవరు గెలిచారు, అన్నిటికీ అంకెలే. ఆ అంకెల ప్రకారం ర్యాంకుల పట్టిక అందరికీ కనబడేలా అంటిస్తారు. దిల్‌సుఖ్‌నగర్ ఇంటర్ కాలేజీ నోటీసు బోర్డు మీద వీక్లీ టెస్టు మార్కులు అంటించినట్టే. అక్కడ ఫిజిక్సుకూ కెమిస్ట్రీకీ చేసే పనిని డోరెన్స్ పరుగుకూ పట్టుదలకూ చేశాడు.

ఫలితం అంకెల్లోనే ఉంది. 103 మ్యాచ్‌ల పాటు ఓటమి లేదు. 1990లో కనెక్టికట్ ఆ వరసను తెంపింది. అదే ఏడాది ఫైనల్లో ఎదురుపడితే నార్త్ కరోలినా 6-0తో బదులు తీర్చుకుంది. 1992 ఫైనల్లో డ్యూక్ మీద 9-1.

1991లో చైనాలో మొట్టమొదటి మహిళల ప్రపంచ కప్ జరిగింది. అమెరికా కోచ్ డోరెన్సే. జట్టులో దాదాపు సగం ఆయన కాలేజీ పిల్లలే. గ్వాంగ్‌ఝౌలో జరిగిన ఫైనల్లో అమెరికా 2-1తో నార్వేను ఓడించింది. ఆ రెండు గోల్స్ కొట్టిన మిషెల్ ఏకర్స్ చదివింది సెంట్రల్ ఫ్లోరిడాలో, అంటే మొదటి రెండు కాలేజీ ఫైనల్స్‌లో ఓడిన చోట. ఆరేళ్ళ కిందట పుట్టిన జాతీయ జట్టు ప్రపంచాన్ని గెలిచింది. ఎలాగంటే, దేశం దాన్ని విడిగా తయారుచేయక్కర్లేదు, కాలేజీలు ఏటా చేసి పెడుతున్నాయి.

ఈ కథలో మచ్చా ఉంది. అమ్మాయిలతో డోరెన్స్ మాట్లాడే తీరు మీద ఇద్దరు మాజీ క్రీడాకారిణులు 1998లో కోర్టుకెక్కారు. 2008లో యూనివర్సిటీ పరిహారమిచ్చి రాజీ చేసుకునేదాకా ఆ వ్యాజ్యం సాగింది. కప్పులు లెక్కపెట్టే వాళ్ళు ఈ మాటా చెప్పాలి.

1998లోనే గ్రీన్స్‌బరోలో ఇంకో ముచ్చట. ఫ్లోరిడా యూనివర్సిటీ అమ్మాయిల సాకర్ జట్టు పెట్టి నాలుగో సీజను. ఫైనల్లో నార్త్ కరోలినాను 1-0తో ఓడించింది. ఇంత త్వరగా ఎలా? ఇందులోనూ ఆ చట్టమే ఉంది. పెద్ద యూనివర్సిటీల్లో మగపిల్లల అమెరికన్ ఫుట్‌బాల్‌కు 85 దాకా స్కాలర్‌షిప్పులు ఉండేవి. తూకం సరిపోవాలంటే ఆడపిల్లలకూ జట్లు పెట్టాలి. సాకర్‌లో జట్టుకు పాతిక ముప్పై మంది పడతారు, స్కాలర్‌షిప్పులు ఇచ్చే వీలుండేది, సామాను ఖర్చూ తక్కువ. దాంతో యూనివర్సిటీలు పోటీపడి జట్లు పెట్టాయి. చాపెల్ హిల్ ఒక్కచోటే ఉన్న విద్య దేశమంతా పాకింది. 2002లో పోర్ట్‌లాండ్‌కు రెండు గోల్స్‌తో కప్పు తెచ్చిన కెనడా అమ్మాయి క్రిస్టీన్ సింక్లెయిర్, ఆ తర్వాత 190 అంతర్జాతీయ గోల్స్‌తో ప్రపంచ రికార్డు పెట్టింది. ఆమెను తయారుచేసింది కూడా అమెరికా కాలేజీ మైదానమే.

ఆ 1998 డిసెంబరులో మీ అమ్మాయి ఇంటర్ సెకండియర్. స్కూల్లో లాంగ్‌జంప్‌లో జిల్లా దాకా వెళ్ళిన పిల్ల. కాలేజీ అంటే నాలుగంతస్తుల భవనం, కింద షట్టర్ల దుకాణాలు, పైన క్లాసులు, అన్నిటికన్నా పైన స్టడీ అవర్స్. దూకడానికి ఇసుక కాదు కదా, నిలబడి ఎండ కాచుకోవడానికీ చోటు లేదు. చేర్పించింది మీరే. ఆ ఏడు మీ వీధిలో అందరూ చేర్పించారు.

ఆఖరి నిమిషాలు

రెండో సగం నడుస్తోంది. ఒలీవియా థామస్ కొట్టిన బంతి వల్లో పడింది. నార్త్ కరోలినా 1, వేక్ ఫారెస్ట్ 0. లేత నీలం వాళ్ళందరూ ఒక్కసారి లేచారు. మీరూ లేచారు. శాలువా ముందు వరసలో పడింది.

మనవరాలు మాత్రం గంతులెయ్యలేదు. గోరు కొరుక్కుంటోంది.

"గెలుస్తున్నారు కదే?"

"నీకు తెలీదు అమ్మమ్మా. నేను చూశా."

రెండేళ్ళ కిందట, 2022 డిసెంబరు 5న, ఇదే మైదానంలో, వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చుని చూసింది. నార్త్ కరోలినా 2-0తో ముందుంది. అవతలి జట్టు యూసీఎల్‌ఏ ఒక గోల్ తిరిగి కొట్టింది. ఇంకో 16 సెకన్లలో ఆట అయిపోతుందనగా రీలిన్ టర్నర్ తలతో బంతిని లోపలికి నెట్టింది. 2-2. అదనపు సమయంలో యూసీఎల్‌ఏ మూడోది కొట్టి కప్పు పట్టుకుపోయింది. ఆ జట్టు కోచ్ మార్గరీట్ ఓజాసాకు అదే మొదటి ఏడాది. అప్పటికే 2018, 2019 ఫైనల్స్‌లోనూ నార్త్ కరోలినా ఓడి ఉంది. ఆఖరుసారి గెలిచింది 2012లో, మనవరాలు పుట్టకముందు. ఈ ఆగస్టులో, సీజను మొదలయ్యే ముందే, 45 ఏళ్ళు నడిపిన డోరెన్స్ తప్పుకున్నారు. పగ్గాలు సహాయకుడు డేమన్ నాహస్ చేతికి వచ్చాయి.

అందుకే ఆ గోరు కొరకడం. వేక్ ఫారెస్ట్ అమ్మాయిలు బంతిని ముందుకు, ఇంకా ముందుకు తోస్తున్నారు. ఒక షాట్, గోల్‌కీపర్ చేతుల్లోకి. ఇంకొకటి, పక్కకు. మీకు ఆట నియమాలు సగమే అర్థమయ్యాయి, గుండె వేగం మాత్రం పూర్తిగా అర్థమవుతోంది. విజిల్. మైదానంలో ఒక జట్టు ఒకరి మీద ఒకరు పడి కుప్పయింది. రెండో జట్టు అమ్మాయిలు నిలబడ్డచోటే మోకాళ్ళ మీద కూలబడ్డారు.

1982 నుంచి జరిగిన 43 ఎన్‌సీఏఏ పోటీల్లో నార్త్ కరోలినాకు ఇది 22వ కప్పు. 1981ది కలుపుకుంటే 23. పన్నెండు జట్లతో మొదలైన పోటీ 64కు చేరింది 2001లో. కోవిడ్ కాలపు 2020 పోటీ మినహా, అప్పటి నుంచీ తగ్గలేదు.

ఇక్కడి లెక్క

కారులో ఇంటికి వెళ్తూ మీ అమ్మాయి అంది: "నేను ఇక్కడ పుట్టుంటే దూకేదాన్నేమో అమ్మా." మీరు జవాబు చెప్పలేదు. చెప్పాల్సింది మీరొక్కరే కాదు కాబట్టి, ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గర ప్రతిభకు కొరత లేదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి సౌమ్య గుగులోత్ గోకులం కేరళకు ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు వెళ్ళింది, 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ ఏడాది ఉత్తమ క్రీడాకారిణిగా ఆమెనే ఎంచింది. 2025 జులైలో చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి భారత్ 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. ఒకప్పుడు రెండుసార్లు రన్నరప్‌గా నిలిచిన పోటీకే, ఇప్పుడు అర్హత దొరికితే పండగ చేసుకున్నాం. మధ్యలో పోయినవి నలభై ఏళ్ళు. ఆ నలభై ఏళ్ళలో అమెరికా చేసిందల్లా, ప్రతి కాలేజీ గేటు లోపల ఆడపిల్లకు ఒక బంతి, ఒక కోచ్, ఏటా తప్పకుండా ఒక పోటీ ఉండేలా చూడడం. సౌమ్యకు దారి చూపింది కాలేజీలు కాదు, క్లబ్బులు. అలా ఒక్కరు వస్తారు. కాలేజీలు చూపితే వందల మంది వస్తారు.

యూనివర్సిటీల మధ్య పోటీలు మనకూ ఉన్నాయి. 2020 నుంచి ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ జరుగుతున్నాయి. అయితే అక్కడికి చేరాల్సిన పిల్లను పదహారేళ్ళకే నాలుగో అంతస్తుకు ఎక్కిస్తున్నాం. స్కూల్లో మొదలైన పరుగు ఇంటర్లో ఆగిపోతే డిగ్రీలో మళ్ళీ మొదలవ్వదు.

చట్టం ఎప్పుడొస్తుందో చెప్పలేం. సరూర్‌నగర్‌లో విక్టోరియా మెమోరియల్ హోమ్ మైదానం ఉంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే అరగంటలో ఎల్బీ స్టేడియం దగ్గర దిగొచ్చు. ఆదివారం పొద్దున పిల్లను తీసుకెళ్ళండి. వచ్చే జూన్‌లో ఇంటర్ అడ్మిషన్‌కు వెళ్ళినప్పుడు ఫీజు ఎంత, పోయినేడు ర్యాంకులెన్ని అని అడిగే ముందు ఒక్క మాట అడగండి: మైదానం ఎటువైపండీ? పదిమంది తల్లిదండ్రులు అడిగితే ఆ ఆఫీసు గదిలో వాళ్ళు తడబడతారు. వెయ్యి మంది అడిగితే జాగా వెతుక్కుంటారు.